ముగ్గురాయిలోని బేరియం, నల్లబిళ్లలోని ఆక్సిజన్: రాగి ఆక్సైడ్ అతివాహకాల లెక్క

మంగంపేట గనుల్లో తవ్వే ముగ్గురాయిలో ఎక్కువ భాగం చమురు బావుల పనికే పోతుంది. డ్రిల్లింగ్ బురదకు బరువు కావాలి, ఈ రాయికి ఆ బరువుంది. రసాయన శాస్త్రం దాన్ని బేరియం సల్ఫేట్ అంటుంది. బొగ్గుపొడితో కలిపి వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమిలో కాలిస్తే అది బేరియం సల్ఫైడ్ అవుతుంది. సల్ఫైడ్ నీళ్లలో కరుగుతుంది. ఆ నీళ్లలో వాషింగ్ సోడా కలిపితే తెల్లటి బేరియం కార్బొనేట్ అడుక్కు దిగుతుంది. దానికి ఇంకో తెల్లపొడి ఇట్రియం ఆక్సైడ్, నల్లపొడి కాపర్ ఆక్సైడ్ కలపాలి. నూరి, కాల్చి, మళ్లీ నూరి, బిళ్లగా నొక్కి, ఆక్సిజన్ పారుతుండగా మెల్లగా చల్లారిస్తే వచ్చేదే వైబీసీఓ, అంటే ఇట్రియం-బేరియం-కాపర్ ఆక్సైడ్. ద్రవ నైట్రోజన్ చలికే కరెంటుకు అడ్డు చెప్పడం పూర్తిగా మానేసే పదార్థం, అంటే అతివాహకం, ఇది.

ఉమ్మడి కడప జిల్లా రాయికి ఇందులో చోటున్నా, కథ నడిపేది బేరియం కాదు. అది గోడల్లాంటిది. ఆట అంతా రాగిది, ఆక్సిజన్‌ది. ఈ పదార్థంలో మళ్లీ మళ్లీ వచ్చే అతిచిన్న కట్టడాన్ని గడి అనుకుంటే, ఒక్కో గడిలో ఇట్రియం ఒకటి, బేరియం రెండు, రాగి మూడు, ఆక్సిజన్ ఏడు. ఆ ఏడు ఆక్సిజన్లలో ఒకదాన్ని తీసేస్తే, లోహాలన్నీ అలాగే ఉన్నా, బిళ్ల అతివాహకం కాదు కదా, మామూలు లోహంలా కూడా ప్రవర్తించదు. కరెంటును పారనివ్వని విద్యుద్బంధకం అయిపోతుంది. కొలిమి దగ్గర చేసే పొరపాట్లలో సగం ఈ ఒక్క ఆక్సిజన్ దగ్గరే జరుగుతాయి. సిద్ధాంతకర్తలను నాలుగు దశాబ్దాలుగా తిప్పలు పెడుతున్నదీ ఇదే.

చరిత్ర చాలామందికి తెలిసిందే, కాబట్టి క్లుప్తంగా. 1911లో లైడెన్‌లో కామర్‌లింగ్ ఓన్స్ పాదరసాన్ని 4.2 కెల్విన్లకు (కెల్విన్ కొలతలో సున్నా అంటే సెల్సియస్‌లో సున్నాకు 273 కింద) చల్లార్చినప్పుడు నిరోధం మాయమైంది. 1973కి నియోబియం-జెర్మేనియం మిశ్రమంతో 23 కెల్విన్లకు చేరారు. అంటే 62 ఏళ్లకు 19 డిగ్రీలు. 1986లో జూరిచ్ దగ్గర ఐబీఎం ప్రయోగశాలలో బెడ్నోర్ట్స్, ముల్లర్ లాంథనం-బేరియం-రాగి ఆక్సైడ్‌లో 30 దాటించారు. మరుసటి ఏడాదే వాళ్లకు నోబెల్ వచ్చింది. 1987 మొదట్లో అమెరికాలో వూ, చూ బృందాలు లాంథనం బదులు ఇట్రియం పెట్టి 93కు ఎగబాకాయి. బెంగళూరు ఐఐఎస్సీలో సి.ఎన్.ఆర్. రావు బృందం కూడా అదే ఏడాది ఈ పదార్థం మీద ఫలితాలు ప్రకటించింది. 1993లో పాదరసం కలిసిన రాగి ఆక్సైడ్ 133 కెల్విన్లు అందుకుంది. దాన్నే విపరీతమైన పీడనంలో నొక్కితే 160 దాటింది.

ఈ అంకెల్లో గీత గీయాల్సింది 77 దగ్గర. ద్రవ నైట్రోజన్ మరిగేది అక్కడే, సెల్సియస్‌లో సున్నాకు 196 కింద. దానికి దిగువనైతే హీలియం కావాలి. హీలియం దిగుమతి సరుకు, ఖరీదైన సరుకు. నైట్రోజన్ గాలిలోంచే వస్తుంది. అనంతపురం, కర్నూలు పల్లెల్లో అది కొత్త వస్తువు కూడా కాదు. పశువుల ఆసుపత్రుల్లోనూ గోపాలమిత్రల దగ్గరా వీర్యం స్ట్రాలు నిల్వ ఉండేది ఆ పొగలుకక్కే క్యాన్లలోనే. డిగ్రీ కాలేజీలో ఈ ప్రయోగం చేయాలనుకున్నప్పుడు "ద్రవ నైట్రోజన్ ఎక్కడ దొరుకుతుంది" అన్న ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్లో కాదు, పశుసంవర్ధక శాఖలో ఉంటుంది.

బండ పొరలు, పులిజూదం పలక

కడప బండను గనిలో ఎటుబడితే అటు కొట్టరు. పొర చూసి ఉలి పెట్టి లేపుతారు. పొర వెంట సులువుగా విడుతుంది, అడ్డంగా మొండికేస్తుంది. రాగి ఆక్సైడ్ అతివాహకాల కట్టడం కూడా ఇలా పొరలు పొరలే. ప్రతి రాగి పరమాణువుకు నాలుగు పక్కలా ఆక్సిజన్లు, ప్రతి రెండు రాగుల మధ్య ఒక ఆక్సిజన్, చదునుగా చదరపు గళ్ల నేతలా పరుచుకున్న పొర. కరెంటు దీని వెంట హాయిగా పారుతుంది, పొర నుంచి పొరకు దూకడానికి మాత్రం కష్టపడుతుంది. వైబీసీఓలో ఇలాంటి పొరలు జంటగా ఉంటాయి, మధ్యలో ఇట్రియం. ఆ జంటకు పైనా కిందా బేరియం పొరలు, వాటికి అవతల రాగి-ఆక్సిజన్ గొలుసులు. మొత్తం గడి ఎత్తు 11.7 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లో వంతు), వెడల్పు 3.8, 3.9. ఆ వెడల్పుల్లోని చిన్న తేడా గుర్తుంచుకోవాలి, కొలిమి దగ్గర మళ్లీ పని పడుతుంది.

పొరలోని రాగి రెండు ధనావేశాల స్థితిలో ఉన్నప్పుడు దాని బయటి కక్ష్యలో ఒక ఎలక్ట్రాన్ జత లేకుండా మిగులుతుంది. పాఠ్యపుస్తకంలోని బ్యాండ్ సిద్ధాంతం ప్రకారం సగం నిండిన బ్యాండ్ (ఎలక్ట్రాన్లు ఉండగల శక్తుల పట్టీ) అంటే మంచి లోహం. కానీ ఆక్సిజన్ తగ్గిన వైబీసీఓ గానీ, ఏమీ కలపని లాంథనం-రాగి ఆక్సైడ్ గానీ లోహాలు కావు. కారణం ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణ. ఒకే రాగి మీద రెండు చేరాలంటే దాదాపు 8 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. అంత ఖర్చు ఎవరూ పెట్టరు, కాబట్టి ఎవరి చోట వాళ్లుండిపోతారు.

రచ్చబండ మీద చెక్కిన పులిజూదం పలక మీద ప్రతి బిందువులోనూ ఒక పిక్క పెట్టి చూస్తే విషయం అర్థమవుతుంది. పిక్కలకు కాళ్లు లేక కాదు కదలనిది, ఖాళీ లేక. దీన్నే మాట్ బంధకం అంటారు. రాగి ఆక్సైడ్లలో ఖాళీలు మొదట ఆక్సిజన్ల మీద ఏర్పడతాయి కాబట్టి నిపుణులు ఇంకాస్త ఖచ్చితమైన పేరు వాడతారుగానీ, సారాంశం ఇదే. ఈ నిండు పలకకు ఇంకో గుణముంది. ప్రతి ఎలక్ట్రాన్‌కూ ఒక చిన్న అయస్కాంత దిశ, అంటే స్పిన్, ఉంటుంది. పక్కపక్కనున్నవి ఒకటి పైకి, ఒకటి కిందికి చూస్తాయి, పలక మీద నల్లపిక్క, తెల్లపిక్క మార్చి మార్చి పెట్టినట్టు. పొరుగు స్పిన్ల మధ్య ఈ పట్టు 1500 కెల్విన్లతో తూగేంత గట్టిది. ఆక్సిజన్ తగ్గిన వైబీసీఓలో ఈ అమరిక 400 కెల్విన్లు దాటే దాకా, అంటే మరిగే నీళ్ల వేడిని మించి కూడా, చెదరదు.

ఇప్పుడు ఒక పిక్క తీసేయాలి. పక్కది ఆ ఖాళీలోకి జరుగుతుంది, దాని వెనకది దాని చోటికి. ఖాళీ ప్రయాణం మొదలుపెట్టింది. కానీ అది పోయిన దారంతా నల్లపిక్కలు నల్లపిక్కల పక్కకు చేరి వరస చెడిపోతుంది. కదలాలన్న కోరికకూ వరస కాపాడుకోవాలన్న పట్టుకూ మధ్య ఈ కొట్లాటలోంచే అతివాహకత పుడుతుందన్నది ఎక్కువమంది నమ్మిక. ఖాళీలు రాగికి 5 శాతం చేరేసరికి అయస్కాంత వరస పోయి అతివాహకత తలెత్తుతుంది. 16 శాతం దగ్గర అతివాహకత మొదలయ్యే ఉష్ణోగ్రత శిఖరానికి చేరుతుంది. 27 శాతం దాటాక అతివాహకత పోతుంది, అప్పుడు మిగిలేది దాదాపు పాఠ్యపుస్తకపు లోహం. గీత గీస్తే గుమ్మటం ఆకారం. లాంథనం పదార్థంలో ఈ ఖాళీలను స్ట్రాన్షియం కలిపి తెస్తారు, ఎంత కలిపితే అంత. వైబీసీఓలో వాటిని తెచ్చేది గొలుసులోని ఆక్సిజన్. అది పొరలోంచి ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది, పొరలో ఖాళీ మిగులుతుంది.

అంకెల్లో చెప్తే, ఆక్సిజన్ 6 నుంచి 6.35 దాకా బంధకం, అయస్కాంత వరస. 6.6 దగ్గర అతివాహక ఉష్ణోగ్రత 60 కెల్విన్ల దగ్గర ఆగే మెట్టు. 6.93 దగ్గర 93. ఆక్సిజన్ పరమాణువు చేరితే చాలదు, గొలుసులో వరసగా చేరాలి. విడివిడిగా కూర్చున్న ఆక్సిజన్ పొరలోంచి పెద్దగా ఏమీ లాక్కోలేదు. అందుకే హఠాత్తుగా చల్లార్చిన, ఆక్సిజన్ తక్కువున్న నమూనాను గది వేడిలో ఊరికే కొన్ని రోజులు ఉంచితే దాని అతివాహక ఉష్ణోగ్రత దానంతటదే కొన్ని డిగ్రీలు పెరుగుతుంది. ఒక్క పరమాణువూ కొత్తగా చేరలేదు, ఉన్నవే సర్దుకుని వరస కట్టాయి. ఈ పదార్థం గురించిన వింతల్లో దీనికి రావాల్సినంత పేరు రాలేదు.

కొలిమి దగ్గర

నూరో వంతు మోల్ వైబీసీఓ కోసం తూకాలు ఇవి: ఇట్రియం ఆక్సైడ్ 1.129 గ్రాములు, బేరియం కార్బొనేట్ 3.947, కాపర్ ఆక్సైడ్ 2.386. మొత్తం 7.462 గ్రాములు. కాల్చేటప్పుడు 0.880 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ పోతుంది. చివరికి చేతికొచ్చేది 6.6 గ్రాములకు కాస్త ఎక్కువ. ఇట్రియం ఆక్సైడ్ గాల్లోని తేమనూ కార్బన్ డయాక్సైడ్‌నూ పీలుస్తుంది, కాబట్టి తూచే ముందు 900 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు వేడిచేయడం మేలు. బేరియం కార్బొనేట్ విషం. కడుపులోని ఆమ్లంలో కరిగి రక్తంలోకి పోతుంది, ఎలుకల మందుగా వాడిన చరిత్ర దానిది. మాస్కు, గ్లౌజులు తప్పనిసరి. నూరిన చేత్తో టీ గ్లాసు పట్టుకోకూడదు.

అగేట్ కల్వంలో కనీసం 40 నిమిషాలు నూరాలి. తెల్ల చుక్క, నల్ల చుక్క కంటికి కనబడకుండా ఒకే బూడిదరంగు రావాలి. ఆ పొడిని అల్యుమినా పడవలో (వేడిని తట్టుకునే పొడవాటి గిన్నెలో) పోసి 920 డిగ్రీల దగ్గర 15 నుంచి 20 గంటలు. బయటికి తీస్తే నల్లగా, పెళుసుగా ఉంటుంది. మళ్లీ నూరి, మళ్లీ కాల్చాలి, మొత్తం మూడుసార్లు. మూడోసారి ఎందుకని విసుక్కోవడం సహజం. ఘనపదార్థాల మధ్య చర్య రేణువులు తాకే చోట మాత్రమే జరుగుతుంది, నూరిన ప్రతిసారీ కొత్త తావులు తాకుతాయి. మొండిఘటం బేరియం కార్బొనేట్. ఈ వేడిలో అది తనంతట తాను సులువుగా విడిపోదు, పక్కనున్న రాగి ఆక్సైడ్ లాగితేనే కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. ఎక్స్-రే తీసినప్పుడు 24 డిగ్రీల దగ్గర పీక్ ఇంకా కనబడితే కార్బొనేట్ మిగిలి ఉన్నట్టు.

రంగు చాలా చెబుతుంది. బిళ్ల నల్లగా ఉండాలి. పచ్చటి మచ్చలు ఉంటే అది ఇట్రియం ఎక్కువున్న వేరే ఆక్సైడ్, దాన్ని పచ్చ దశ అనే పిలుస్తారు. కొలిమి దగ్గర దానికి ముఖ్య కారణాలు రెండు: తూకం తప్పడం, లేదా కొలిమి 1000 డిగ్రీలు దాటడం. ఆ వేడికి వైబీసీఓ ద్రవంగానూ పచ్చ దశగానూ విడిపోతుంది. ఆ ద్రవం అల్యుమినా పడవను తింటుంది, బిళ్ల అతుక్కుని రాదు. "మీటర్ 940 చూపించింది కదా" అంటే చాలదు. వేడిని కొలిచే థర్మోకపుల్ ఒక మూలన, పడవ ఇంకో మూలన ఉంటే 30 డిగ్రీల తేడా మామూలే. పడవ పక్కన చిన్న వెండి తీగ ముక్క పెట్టి చూడటం చవకైన పరీక్ష. గాలిలో వెండి 950, 960 మధ్య కరుగుతుంది. తీగ గుండ్రటి పూసైపోతే కొలిమి అబద్ధమాడుతున్నట్టే.

చివరి పొడిలో 3 గ్రాములు తీసి, 13 మిల్లీమీటర్ల డైలో (ఉక్కు అచ్చులో) 5 టన్నుల ఒత్తిడితో నొక్కితే కొన్ని మిల్లీమీటర్ల మందంలో బిళ్ల వస్తుంది. ఒత్తిడి పెంచితే గట్టిదనం పెరుగుతుందనుకుంటారు. ఒక హద్దు దాటాక ఒత్తిడి తీసేటప్పుడు బిళ్ల పొరలుగా చీలుతుంది. 940 దగ్గర 20 గంటలు కాల్చి, ఆక్సిజన్ వదిలి నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున దింపాలి. 450 దగ్గర 15 నుంచి 20 గంటలు ఆపాలి. పని జరిగేది ఇక్కడే.

940 దగ్గర బిళ్లలో ఆక్సిజన్ 6.2 దాకానే ఉంటుంది. వేడి ఎక్కువైతే గొలుసు ఆక్సిజన్లు నిలవవు. అప్పుడు గడి వెడల్పు రెండు వైపులా సమానం. చల్లారేకొద్దీ ఆక్సిజన్ లోపలికి వస్తుంది, గొలుసులు కడుతుంది, ఒక వైపు కాస్త పొడుగవుతుంది. ముందు చెప్పిన 3.8, 3.9 తేడా ఇదే. మరి ఇంకా చల్లగా, 250 దగ్గర ఉంచితే ఇంకా ఎక్కువ చేరాలి కదా? చేరాల్సిన మొత్తం ఎక్కువే, చేరే వేగం మాత్రం పడిపోతుంది. బిళ్ల లోపలికి ఆక్సిజన్ పాకడానికి నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు. 400 నుంచి 500 మధ్య అన్నది ఈ రెంటి మధ్య రాజీ. అతిగా కాల్చి రంధ్రాలు లేకుండా బిగుసుకుపోయిన బిళ్లకు కూడా ఇదే గతి. అంచు అతివాహకం, నడుమ బంధకం. నిగనిగలాడే బిళ్ల కంటే కాస్త గరుకుగా, రంధ్రాలున్న బిళ్లే ఈ పనికి మంచిది.

వేసవిలో మన జిల్లాల్లో రాత్రి కరెంటు పోతే ఏమవుతుంది? పోయినప్పుడు కొలిమి ఎంత వేడిలో ఉందన్నదే ముఖ్యం. 940లో ఉండగా పోతే చిన్న గొట్టపు కొలిమి మొదటి గంటలోనే వందల డిగ్రీలు పడిపోతుంది. ఆక్సిజన్ చేరే వ్యవధి ఉండదు. బిళ్ల నల్లగానే ఉంటుంది, చూపులకు ఏ లోపమూ కనబడదు, నైట్రోజన్‌లో ముంచి పైన అయస్కాంతం పెడితే, అతివాహకం మీద గాల్లో తేలాల్సినది కిందపడే ఉంటుంది. అంత మాత్రానికి బిళ్లను పారేయక్కర్లేదు. లోహాల అమరిక చెడలేదు. కరెంటు వచ్చాక 500కు వేడిచేసి, ఆక్సిజన్ పంపి, 450లో ఒక రాత్రి ఉంచితే సరి. తూకంతో కూడా తెలుసుకోవచ్చు. 6.2 నుంచి 6.9కి చేరితే 3 గ్రాముల బిళ్ల సుమారు 50 మిల్లీగ్రాములు బరువెక్కుతుంది. ఒక మిల్లీగ్రాము చూపే తక్కెడ ఉంటే ఆక్సిజన్‌ను నిజంగానే తూచినట్టు. ఇంకా నికరంగా కావాలంటే అయోడిన్ టైట్రేషన్ ఉంది. ఆక్సిజన్ 6.5 అయితే రాగి సగటు సంయోజకత 2, 7 అయితే 2.33. ఆ తేడాను బ్యూరెట్ చూపిస్తుంది.

బిళ్లను నీళ్లతో కడగకూడదు, నైట్రోజన్‌లోంచి తీశాక మంచు కరిగి తడిసినా ప్రమాదమే. తేమ, గాల్లోని కార్బన్ డయాక్సైడ్ కలిసి మళ్లీ బేరియం కార్బొనేట్‌ను, పచ్చ దశను పుట్టిస్తాయి. తీసిన వెంటనే హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, సిలికాజెల్ ఉన్న సీసాలో పెట్టాలి. ఏసీ వేసి తలుపులు బిగించిన గదిలో ద్రవ నైట్రోజన్ ఒంపడం మరో తెలివితక్కువ పని. ఒక లీటరు ఆవిరైతే దాదాపు 700 లీటర్ల వాయువు, అది గదిలోని ఆక్సిజన్‌ను పక్కకు నెడుతుంది. మూత బిగించిన ఫ్లాస్కు అయితే బాంబే.

గీత తిన్నగా ఎందుకుంది

అయస్కాంతం తేలడం చూడముచ్చటే. కానీ ఎక్కువ నేర్పేది నిరోధం గీత. బిళ్లను 2 మిల్లీమీటర్ల పట్టీగా కోసి, వెండి పేస్టుతో నాలుగు తీగలు అతికించాలి. బయటి రెండింట్లో కరెంటు, లోపలి రెండింట్లో వోల్టేజి. రెండే తీగలైతే అతుకుల నిరోధం బిళ్ల నిరోధాన్ని మింగేస్తుంది. గది వేడిలో పట్టీ నిరోధం కొన్ని మిల్లీఓమ్‌లే. 10 మిల్లీఆంపియర్లకు వచ్చేది పదుల మైక్రోవోల్టులు. రెండు లోహాలు కలిసే చోట ఉష్ణోగ్రత తేడా వల్ల అంతలో పదో వంతు వోల్టేజి ఊరికే పుడుతుంది. అందుకని ప్రతి చోటా కరెంటు దిశ మార్చి రెండుసార్లు కొలిచి సగం తేడా తీసుకోవాలి. ఇది చేయని పట్టికలో నిరోధం సున్నా కిందికి, రుణ విలువలకు పోతుంది, రికార్డు పుస్తకాల్లో అలాంటివి తక్కువేం లేవు. ఉష్ణోగ్రత కొలవడానికి ప్లాటినం-100 అనే ప్లాటినం తీగ సెన్సర్ చాలు. 77 కెల్విన్లలో అది 20 ఓమ్‌లు చూపుతుంది, 92 దగ్గర 27కు కాస్త తక్కువ. నిరోధం కూలేది అక్కడే. నమూనాకూ ప్లాటినానికీ మధ్య గాలి ఉంటే, చల్లారేటప్పుడు ఒక ఉష్ణోగ్రత, వేడెక్కేటప్పుడు ఇంకో ఉష్ణోగ్రత వస్తుంది. కనబడుతున్నది భౌతికశాస్త్రం కాదు, రెంటినీ ఒకే రాగి ముక్కకు గ్రీజుతో అంటించకపోవడం.

గీత కూలే చోటు కంటే దానికి ముందు భాగం వింతైనది. బాగా చేసిన బిళ్లలో 300 నుంచి 100 కెల్విన్ల దాకా నిరోధం గీత తిన్నగా, స్కేలు పెట్టి గీసినట్టు దిగుతుంది. వెనక్కి పొడిగిస్తే దాదాపు సున్నా దగ్గర తగులుతుంది. మామూలు లోహంలో చలి పెరిగేకొద్దీ పరమాణువుల కంపనాలు ఉడిగిపోయి గీత వంగి చదునవ్వాలి. శిఖరం దగ్గరున్న రాగి ఆక్సైడ్లలో అది వంగదు. ఎలక్ట్రాన్లు ఒకదానికొకటి స్వతంత్రంగా తిరిగే కణాలన్న ఊహే ఇక్కడ పనిచేయదని చాలామంది అనుకుంటారు, దీన్ని వింతలోహం అంటారు. ఆక్సిజన్ తగ్గించిన బిళ్లలో ఇంకో వింత ఉంది. అతివాహక ఉష్ణోగ్రతకు చాలా పైనుంచే కొన్ని ఎలక్ట్రాన్ స్థితులు కనుమరుగవుతాయి. 1989లో కేంద్రక అయస్కాంత ప్రయోగాలు మొదట చూపిన ఈ మిథ్యా అంతరం, అతివాహకంలో జంటగా పారాల్సిన ఎలక్ట్రాన్లు ముందే జంటలు కట్టడం వల్లా, లేక అతివాహకతతో పోటీపడే మరో అమరిక వల్లా అన్న వాదం ఇంకా తెగలేదు.

తెగినవి కొన్ని ఉన్నాయి. ఎలక్ట్రాన్లు జంటగానే పోతున్నాయి. 1987లోనే వైబీసీఓ వలయంలో అయస్కాంత అభివాహపు (వలయంలోంచి పోయే అయస్కాంత క్షేత్రపు మొత్తం) కనీస ముక్కను కొలిస్తే అది రెండు ఎలక్ట్రాన్ల ఆవేశానికి సరిపోయింది. జంట ఆకారం కూడా తెలుసు. 1957 నాటి బార్డీన్, కూపర్, ష్రీఫర్ సిద్ధాంతంలో పరమాణు కంపనాలు కలిపే జంట అన్ని దిక్కులా ఒకేలా గుండ్రంగా ఉంటుంది. రాగి ఆక్సైడ్లలో జంట నాలుగు రేకుల పువ్వు, పక్కపక్క రేకులకు గుర్తు తారుమారు, ఒకటి ధనం, ఒకటి రుణం. రేకుల మధ్య కోణాల్లో అంతరం, అంటే జంటను విడగొట్టడానికి కావాల్సిన శక్తి, సున్నా. 1994లో ఐబీఎం శాస్త్రవేత్తలు సూయి, కర్ట్‌లీ మూడు స్ఫటికాలు కలిసే చోట వలయం చేసి, అందులో సగం అభివాహ ముక్క తనంతట తాను నిలిచి ఉండటం చూపించాక ఈ ఆకారం మీద పెద్దగా పేచీ లేదు. సులువుగా చెప్తే, ఈ ఆకారంలో రెండు ఎలక్ట్రాన్లు ఒకే రాగి మీద ఎప్పుడూ కలవవు. అంత గట్టిగా తోసుకునేవి జంట కట్టాలంటే ఎడం పాటిస్తూనే కట్టాలి మరి. వాటిని కలిపే జిగురు ఏదన్నది మాత్రం ఇంకా వివాదమే. 1987లో అమెరికా సిద్ధాంతకర్త ఫిలిప్ ఆండర్సన్ ఆ జంటలు బంధకంలోనే స్పిన్ల రూపంలో సిద్ధంగా ఉన్నాయన్నాడు. ఆ ఊహకు లెక్కల రూపమిచ్చిన తొలి పత్రాల్లో ఒకటి ఆండర్సన్‌తో కలిసి గణపతి భాస్కరన్ రాసినది, ఆయన తర్వాత దశాబ్దాలు చెన్నైలో పనిచేశారు. స్పిన్ల అలలే జిగురన్నది మరో పక్షం. కంప్యూటర్లలో ఒకే గణిత నమూనాను వేర్వేరు పద్ధతుల్లో లెక్కిస్తే ఇప్పటికీ చారలుగా సర్దుకునే అమరికా అతివాహకతా వెంట్రుకవాసి తేడాతో పోటీపడుతున్నాయి.

బిళ్ల నుంచి తీగకు

బిళ్ల సున్నా నిరోధం చూపింది కదా, దాన్ని తీగలా సాగదీస్తే పోలేదా? రెండు అడ్డంకులు. ఇది పింగాణీ, వంచితే విరుగుతుంది. రెండోది అంతకన్నా పెద్దది. జంట పరిమాణం పొర వెంట ఒకటిన్నర నానోమీటర్లే. రెండు రేణువుల పొరలు పది డిగ్రీల కోణంలో తప్పినా ఆ సరిహద్దు దాటే కరెంటు ఘోరంగా పడిపోతుందని 1988లో ఐబీఎం వాళ్లు కొలిచి చూపారు. పువ్వు రేకులు ఎదురెదురుగా సరిపడకపోవడం ఇందుకొక కారణం, సరిహద్దులో ఆక్సిజన్ తగ్గి ఆ కాస్త మేరా బంధకమైపోవడం ఇంకొకటి. కాలేజీ బిళ్లలో లక్షల రేణువులు ఎటుబడితే అటు తిరిగి ఉంటాయి. అందుకే ద్రవ నైట్రోజన్‌లో కూడా చదరపు సెంటీమీటరుకు వందల ఆంపియర్లు దాటించడం కష్టం.

పరిష్కారంగా పట్టీలు వచ్చాయి. 50 మైక్రాన్ల మందమున్న గట్టి నికెల్ మిశ్రమపు రేకు, దానిమీద దిశ సరిచూసి పెంచిన ఆక్సైడ్ పూతలు, వాటిమీద ఒకటి రెండు మైక్రాన్ల అతివాహకం, పైన వెండి, చుట్టూ రాగి. కిలోమీటరు పొడవునా రేణువులన్నీ రెండు మూడు డిగ్రీల తేడాలో ఒకే దిక్కు చూడాలి. 4 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ 77 కెల్విన్లలో 100 ఆంపియర్లు దాటి మోస్తుంది. అందులో అతివాహకం వాటా చదరపు మిల్లీమీటరులో నూరో వంతు కూడా లేదు. 2021లో అమెరికాలో కేంద్రక సంలీన (ఫ్యూజన్) రియాక్టరు కోసం ఇలాంటి పట్టీలతో చుట్టిన పెద్ద అయస్కాంతం 20 టెస్లాలు చూపింది.

ఓర్వకల్లు దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు కరెంటును ఇలాంటి తీగల్లో పంపితే నష్టమే ఉండదు కదా అన్న మాట తరచు వినబడుతుంది. లెక్క అంత సులువు కాదు. 42 డిగ్రీల ఎండలో 77 కెల్విన్ల నుంచి ఒక వాటు వేడిని బయటికి తోడాలంటే ప్రకృతి నియమం ప్రకారమే కనీసం 3 వాట్లు కావాలి. నిజం యంత్రాలకు 10 నుంచి 20. గొట్టం ఎంత బాగా కట్టినా మీటరుకు ఒక వాటు చొప్పున వేడి లోపలికి చొరబడుతుంది. కరెంటు పారినా పారకపోయినా, రాత్రి ప్యానెళ్లు నిద్రపోతున్నా, ఆ చల్లదనం ఖర్చు నడుస్తూనే ఉంటుంది. పైగా ఏకాంతర విద్యుత్తులో అతివాహకానికీ కాస్త నష్టం ఉంటుంది. స్తంభాలు పాతడానికి చోటున్న రాయలసీమ మైదానంలో 400 కిలోవోల్టుల మామూలు లైనును ఇది ఓడించలేదు. జర్మనీలోని ఎసెన్‌లో 2014లో కిలోమీటరు పొడవున 10 కిలోవోల్టుల, 40 మెగావాట్ల అతివాహక కేబుల్ వేసింది ఊరి నడుమ. అక్కడ తవ్వడానికి చోటు లేదు, సబ్‌స్టేషన్ భూమి ధర ఎక్కువ. చోటు ఇరుకైన దగ్గరే ఈ కేబుల్ గిట్టుబాటు.

ఆ పట్టీలతో పనిచేసేవాళ్లు మొదట నేర్చుకునేది వాటిని అతికించడం. మామూలు టంకంతో, మామూలు సోల్డరింగ్ ఐరన్‌ను 350 డిగ్రీలలో పెట్టి అతికిస్తే చూడటానికి అతుకు చక్కగా ఉంటుంది. ద్రవ నైట్రోజన్‌లో ముంచి కరెంటు పెంచితే 100 ఆంపియర్లు మోయాల్సిన పట్టీ ఆ అతుకు దగ్గరే 60కో 70కో వోల్టేజి చూపడం మొదలుపెడుతుంది. ఆ వేడికి గొలుసుల్లోని ఆక్సిజన్ బయటికి జారుకుంటుంది. కాబట్టి ఇండియం లాంటి తక్కువ వేడికి కరిగే టంకం వాడతారు, ఐరన్‌ను 200 డిగ్రీలు దాటనివ్వరు, అతుకు మీద ఐరన్ నిలిపేది కొన్ని సెకన్లే.